చూసేవాడి చెయ్యి పడితేనే ఇంటరాక్టివా? మన అవధానం, వన్స్ మోర్ లెక్కలోకి రావా?

కడియం మేష్టారు:

పోయిన ఆదివారం రాజమండ్రిలో కాలేజీ పిల్లలు పెట్టిన ఎగ్జిబిషన్‌కి వెళ్లానండి. చీకటి గదిలో గోడ మీద గోదావరి పారుతూ ఉంటుంది. మనం చెయ్యి ఊపితే నీడ పడ్డచోట చేపలు చెదిరిపోతాయి. పావుగంట అక్కడే నిలబడిపోయాను. కానీ పక్కన అంటించిన కాగితం మీద, చూసేవాడికి కళలో చోటివ్వడం, అంటే ఇంటరాక్టివ్ కళ, 1960ల్లో పడమటి దేశాల్లో పుట్టిందనీ, మనదాకా ఇప్పుడిప్పుడే వస్తోందనీ రాశారు. అది మింగుడు పడలేదు.

అవధానం సంగతేంటి? అష్టావధానంలో ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు లేకపోతే అసలు సభే లేదు. నిషిద్ధాక్షరి చూడండి, అక్షరం అక్షరానికీ పృచ్ఛకుడు అడ్డుపడే అంశం. అవధాని కంద పద్యానికి "శ్రీ" అని ఎత్తుకుంటాడు. శ్రీరామ అంటాడేమోనని పృచ్ఛకుడు "ర వద్దు" అంటాడు. అవధాని "మ" వేస్తాడు. శ్రీమతి అనకుండా "త వద్దు". అవధాని "హి" అంటాడు. శ్రీమహిళ అవుతుందని "ళ వద్దు". అప్పుడు "త". శ్రీమహిత! నాలుగక్షరాలు వచ్చేసరికి మూడుసార్లు దారి మళ్లింది. ఆ పద్యం పొద్దున్న ఎవరి బుర్రలోనూ లేదు, ఆ ఇద్దరి మధ్యా అప్పటికప్పుడు పుట్టింది. చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారిది మా కడియమే. ఆయనా, దివాకర్ల తిరుపతి శాస్త్రి గారూ ఊరూరా అవధానాలు చేసేనాటికి కంప్యూటర్ ఊసే లేదు.

అమలాపురం బొమ్మలు:

మేష్టారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. పృచ్ఛకుడు అడ్డు పెట్టేది కవి దాటడానికి. దాటితే చప్పట్లు కవికి. సభలో మిగతావాళ్లంతా కూర్చుని వినడమే. పడమటివాళ్లు అడిగిన ప్రశ్న వేరు: కళాకారుడు తన పెత్తనం వదులుకుంటాడా అని. 1957లో హ్యూస్టన్‌లో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్, సృష్టి ఒక్క కళాకారుడితో పూర్తి కాదు, చూసేవాడు తన వాటా కలపాలి అన్నాడు. 1964లో క్యోటోలో న్యూయార్క్‌లో పనిచేసి వచ్చిన జపాన్ కళాకారిణి యోకో ఓనో వేదిక మీద కత్తెర పెట్టుకుని కూర్చుంది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఎక్కి ఆమె బట్టల్లోంచి ముక్క కత్తిరించుకున్నారు. ఎంత కత్తిరించాలి, ఎక్కడ ఆగాలి అన్నది వాళ్ల మనస్సాక్షికే వదిలేసింది. పృచ్ఛకుడికి అంత బరువు ఎప్పుడు పడింది చెప్పండి?

గంగలకుర్రు వాణ్ణి:

మా ప్రభల తీర్థం ఎందుకు మర్చిపోయారు? కనుమనాడు వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించిన ప్రభని భుజాలకెత్తుకుని కౌశిక కాలువ దాటి జగ్గన్నతోటకి తీసుకెళ్తాం. అక్కడ చూసేవాడంటూ విడిగా ఎవడూ ఉండడు.

నరసాపురం అమ్మాయి:

ప్రభ మొయ్యడం అంటే పాలుపంచుకోవడం అండీ. మేష్టారు అడిగేది బదులు పలకడం గురించి. మనం ఒకటి చేస్తే అవతలిది మారాలి.

నేను మా తాతయ్య గురించి చెప్తాను. పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. రాయబారం సీన్లో కృష్ణుడు పద్యం ముగించి రాగం తీసేవాడు. తాతయ్య ఎడం చేత్తో తిత్తి ఆడిస్తూనే ఉండేవారు, శ్రుతి ఆగనిచ్చేవారు కాదు. మొహం మాత్రం జనం వైపు తిప్పేవారు. వెనక వరసల్లోంచి "వన్స్ మోర్" వినబడితే కృష్ణుడికి తలూపేవారు. వినబడకపోతే రెండు క్షణాల్లో శ్రుతి దించేసేవారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు, పెట్టె పక్కన చాప మీద కూర్చుని చూశాను.

రెండోసారి పాడేది మొదటి పద్యమే, కానీ అలాగే కాదు. మొదటిసారి ఎక్కడ ఈలలు పడ్డాయో అక్కడ రాగం ఇంకాస్త సాగేది. పడనిచోట చకచకా వెళ్లిపోయేవారు. అంటే ఆ రెండో పద్యానికి సగం పనితనం వెనక వరసల వాళ్లది కదా! ఎంపిక చేసిన ఎనిమిదిమంది కాదు, టికెట్ కొన్న ప్రతివాడూ. అమలాపురం అన్నయ్యా, ఇది పెత్తనం వదులుకోవడం కాదా?

అమలాపురం బొమ్మలు:

చెల్లెమ్మా, నువ్వు చెప్పింది చదివి చాలాసేపు ఆలోచించాను. నా వైపు వాదనలోనూ ఒక లొసుగు ఉంది. 1959లో న్యూయార్క్‌లో అలన్ కాప్రో అనే కళాకారుడు 18 హ్యాపెనింగ్స్ అనే ప్రదర్శన పెట్టినప్పుడు, ఏ గదిలో ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో జనానికి కార్డుల మీద రాసిచ్చారు. జనానికి చోటిచ్చారు గానీ, ఆ చోటుకీ గిరిగీశారు.

మీ తాతయ్య గారి పని చదివితే నాకు కంప్యూటర్‌తో కళ చేసిన అమెరికన్ మైరాన్ క్రూగర్ గుర్తొచ్చాడు. 1969లో విస్కాన్సిన్‌లో గ్లోఫ్లో అనే గదికి పనిచేశాడు. నేల మీద అడుగు పడితే గోడల గొట్టాల్లో వెలుగు వస్తుంది. కానీ ఆ వెలుగు ఆలస్యంగా వచ్చేది, దాంతో అది తమ అడుగు వల్లేనని చాలామందికి తెలియలేదు. బదులు తనకేనని మనిషికి తెలియాలి అని క్రూగర్ అక్కడ నేర్చుకున్నాడు. తర్వాత అతను చేసిన వీడియోప్లేస్‌లో తెర మీద మన నీడ కనబడుతుంది, ఒక చిన్న జీవి దాని మీదకి ఎక్కుతుంది. మనం కదిలితే దాని నడకా మారుతుంది. అతనికి అసలు సరుకు బొమ్మ కాదు, బదులు పలకడమే.

అవధానం మీద మాత్రం నా మాట మార్చుకోను. వన్స్ మోర్ ఒప్పుకుంటున్నాను.

కడియం మేష్టారు:

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. అవధానంలో సభ మొత్తానికీ చోటు లేదన్నది నిజమే. పద్యం ఇద్దరి మధ్య పుడుతుందన్నది మాత్రం వదలను.

చేతికి బటన్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. 1967 మాంట్రియల్ ఎక్స్‌పోలో చెక్ వాళ్లు కినోఆటోమాట్ అనే సినిమా వేశారు. సీటుకి రెండు బటన్లు, కథ ఎటు వెళ్లాలో జనం ఓటు వెయ్యాలి. ఎటు ఓటేసినా రెండు దార్లూ మళ్లీ ఒకచోటే కలిసేలా కథ అల్లారు. చెయ్యి పడింది, కథ మారలేదు. వెనక వరసవాడి కేకకి రాగం సాగింది, చెయ్యి మాత్రం ఎక్కడా పడలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టాక ఆ కాగితం మీది మాట నాకు ఇంకా పస లేనిదిగా కనబడుతోంది.

రేపు సాయంత్రం ఆ గోడ తయారుచేసిన అబ్బాయిని కలుస్తున్నాను. తిట్టడానికి కాదు, వాడి పని నాకు నచ్చింది. ఒకటే అడుగుతాను: ఒకే మనిషి రెండోసారి చెయ్యి ఊపితే చేపలు మొదటిసారి లాగే చెదురుతాయా, లేక మొదటిసారి సంగతి వాటికి ఏమైనా గుర్తుంటుందా అని.