రథసప్తమి రాత్రి తిరుపతి నుంచి చిత్తూరుకు రైలు: ఎవరిని అడగాలి?

రథసప్తమి నాడు తిరుమలలో ఒక్కరోజులోనే ఏడు వాహనాలు. తెల్లవారుజామున సూర్యప్రభతో మొదలై, చంద్రప్రభ వాహనం అయ్యేసరికి రాత్రి 9 దాటుతుంది. ఘాట్ రోడ్డు దిగి స్టేషన్‌కు వచ్చేసరికి 11. ఆ వేళకు పాకాల, చిత్తూరు వైపు ప్యాసింజర్ దొరకదు. బస్సులున్నాయి కానీ, ఆ రద్దీలో ముసలివాళ్లను ఎక్కించడం మాటలా!

రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేశాం, ఎంక్వైరీలో అడిగాం, స్టేషన్‌లో అర్జీ ఇచ్చాం. సింగిల్ లైన్, ఖాళీ రేక్ (బోగీల సెట్టు) లేదు అన్నారు. మేం కొత్త బండి అడగట్లేదు. చిత్తూరు మీదుగా కాట్పాడి వైపు సాయంత్రం వెళ్లే ప్యాసింజర్‌ను ఆ ఒక్కరోజు రాత్రి 11:30కి కదిలిస్తే చాలు.

ఇలా పండక్కి టైం మార్పించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి: తిరుపతి స్టేషన్ ఉన్న గుంతకల్ రైల్వే డివిజన్‌లో ఏ అధికారికి, ఎన్ని వారాల ముందు రాయాలి?