ఒంట్లో తోడికోడళ్ల కాపురం: రెండు మూడు జబ్బులు ఉన్నవాళ్లు ఇటు రండి

పరగడుపు (రాజమహేంద్రవరం)

నాకు 56 ఏళ్లు. థైరాయిడ్ వచ్చి 19 ఏళ్లు, షుగరు 11, బీపీ 8. అందరికంటే చిన్నకోడలు కీళ్లవాతం. వచ్చి నాలుగేళ్లే అయినా ఇంటి తాళాలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఒకరికి పెట్టింది ఇంకొకరికి గిట్టదు, అదీ గొడవ.

తెల్లవారి 5.30కి థైరాయిడ్ మాత్ర. తర్వాత గంట వరకు కాఫీ లేదు. ఆ గంటసేపు ఫిల్టర్ వైపు చూడకుండా వంటింట్లో తిరగడం ఒక తపస్సు. కాల్షియం మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే కాల్షియం థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వదట. మందుల సంచిలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడి ఉన్నప్పుడు లేని పట్టింపు కడుపులోకి వెళ్లాక ఎందుకో!

పోయిన నెల వేళ్లు బిగుసుకుపోయి జడ అల్లుకోలేకపోయాను. డాక్టరు పది రోజులకు స్టెరాయిడ్ రాశారు. మూడో రోజుకల్లా చపాతీ పిండి కలిపాను. ఆ సంబరంలో భోజనం తర్వాత షుగరు చూసుకుంటే 312! కీళ్లకు పెట్టిన స్టెరాయిడ్ షుగరును పెంచేసింది. మా వారు మీటరు అందుకుని, "ట్రిపుల్ సెంచరీ కొట్టావు, బ్యాట్ పైకెత్తు" అన్నారు. ముందు నవ్వాను, తర్వాత షుగరు డాక్టరుకు ఫోన్ చేశాను. మీ ఇళ్లలో సంగతులు చెప్పండి.

చప్పిడిపప్పు (కరీంనగర్)

పరగడుపు గారూ, మీ కోడళ్లు నయం. నాకు షుగరు, బీపీ, వాటి పుణ్యమా అని కిడ్నీ. షుగరు డాక్టరు పప్పూ ఆకుకూరా బాగా తినమంటారు. కిడ్నీ డాక్టరు పప్పు కొలిచి తినమని, కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోయమని అంటారు. ఇద్దరి మాటా విన్నాక నా కంచంలో ఖాళీ జాగా ఎక్కువ, కూర తక్కువ.

ఒంట్లో బాగా లేదని తెలిస్తే చాలు, చుట్టాలు కొబ్బరి బోండాలతో దిగుతారు. వాటిలో పొటాషియం ఎక్కువ, నాకు పడదు. కిందటి వేసవిలో వచ్చిన పది బోండాలూ మా వాచ్‌మన్ తాగాడు. ఆ వీధిలో ఇప్పుడు అతని అంత నిగారింపు ఉన్న మనిషి లేడు.

ఇంకొకటి. బీపీకి మంచిదని మా అబ్బాయి సోడియం తక్కువ ఉన్న ఉప్పు తెచ్చాడు. పొట్లం వెనక చదివితే పొటాషియం క్లోరైడ్. పైగా నేను వేసుకునే బీపీ మాత్ర టెల్మిసార్టాన్, అది కూడా పొటాషియాన్ని పెంచే రకమే. డాక్టరు ఆ పొట్లం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే తిట్లు మొదలైనట్టే.

అసలు కథ పెళ్లిలో జరిగింది. ఇన్సులిన్ వేసుకుని పంక్తిలో కూర్చున్నాను. విస్తరి వేశారు, నీళ్లు చిలకరించుకున్నాం, వడ్డన రాదు. చేతులు వణకడం మొదలైంది, చొక్కా తడిసిపోయింది. పక్క విస్తట్లో చిన్నపిల్లవాడికి ముందే పెట్టిన లడ్డూ లాక్కుని నోట్లో వేసుకున్నాను. వాడు ఏడుపు. ఎదురుగా ఉన్న పెద్దాయన, "షుగరు పెట్టుకుని లడ్డూలేమిటయ్యా, అదీ పసివాడి దగ్గర!" అన్నారు. మీటరు చూస్తే షుగరు 58కి పడిపోయింది. నా జీవితంలో డాక్టర్లు ఒప్పుకునే లడ్డూ అదొక్కటే, అదీ దొంగతనం చేసి తిన్నాను. ఇప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం లేనిదే గడప దాటను.

బుధవారం (హైదరాబాద్)

చప్పిడిపప్పు గారూ, ఆ పిల్లవాడికి లడ్డూ బాకీ తీర్చారా?

నాకు 33. కీళ్లవాతం, థైరాయిడ్. "ఈ వయసులోనా!" అన్నవాళ్ల లెక్క ఫోనులో రాసుకుంటున్నాను. ఈ ఏడాది ఇప్పటికి 41. యాభై అయితే పట్టుచీర కొనుక్కుంటాను. కాకరకాయ రసం చెప్పినవాళ్లను విడిగా రాస్తున్నాను. నాకు షుగరు లేదని చెప్పినా ఆగరు.

నవ్వులాట కానిది ఒకటి. నా కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, బుధవారం. మందుల షాపులో కవరు మీద "రోజుకొకటి" అని రాసి ఇచ్చారు. అలా రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. చీటీ చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. ఈ మందు వాడేవాళ్లు వారం పేరు చీటీ మీద రాయించుకోండి. నేనైతే నా పేరే మార్చుకున్నాను.

నిద్రలేమి

క్షమించాలి, నాకు ఇక్కడ నవ్వు రావడం లేదు. మా అమ్మకు నాలుగు జబ్బులు. చూసుకునేది నేనొక్కదాన్నే. "నవ్వుతూ ఉండండి, అన్నీ సర్దుకుంటాయి" అని మొన్న ఒకావిడ సలహా ఇస్తే నా బీపీ పెరిగింది. ఇంతవరకు లేని బీపీ.

పరగడుపు

అమ్మా, ఆవిడ అన్నది నాకూ ఒళ్లు మండిస్తుంది. నా మోకాలి మీద నేను వేసుకునే జోకు వేరు, నొప్పి లేనివాళ్లు నన్ను నవ్వమనడం వేరు. జడ వేసుకోలేని ఆ రోజు నేనూ ఏడ్చాను, పైన రాయలేదంతే. మీకు తిట్టాలనిపిస్తే ఇక్కడే తిట్టండి. అమ్మగారిని వారానికి ఒక్క పూటైనా చూసుకునేవాళ్లు దొరుకుతారా? అన్నయ్యలు, వదినలు ఎవరైనా ఉన్నారా?

నిద్రలేమి

అన్నయ్య ఉన్నాడు. వాట్సాప్‌లో రోజూ శుభోదయం పెడతాడు.

బుధవారం

అక్కా, మీకు నవ్వు రాదన్నారు. నేను ఇప్పుడే ఆఫీసులో టీ ఒలకబోసుకున్నాను.

మూడో అంతస్తు (విశాఖపట్నం)

లిఫ్టు లేని ఇల్లు, అరిగిన మోకాళ్లు, షుగరు. పేరు అలా వచ్చింది. పనికొచ్చేది ఒకటి చెబుతాను. అరికాళ్లు తిమ్మిర్లెక్కితే షుగరు వల్లే అనుకుని రెండేళ్లు ఊరుకున్నాను. పరీక్ష చేస్తే బీ12 విటమిన్ బాగా తక్కువ. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గుతుందట, నేను 12 ఏళ్లుగా వాడుతున్నాను. బీ12 ఇంజక్షన్లతో తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. మీరూ డాక్టరును అడగండి.

మోకాళ్లకు పక్కింటాయన ఇచ్చే నొప్పి మాత్రల జోలికి మాత్రం వెళ్లకండి, ముఖ్యంగా చప్పిడిపప్పు గారు. బీపీనీ కిడ్నీనీ అవి కెలుకుతాయి. నేను వాడే మందులన్నీ ఒకే కాగితం మీద రాసుకుని ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా అదే ముందు చాపుతాను. మొదటిసారి చూసి ఒకాయన, "ఇది పెళ్లి సామాన్ల పట్టీయా?" అన్నారు.

పరగడుపు

ఆదివారం రాత్రి సంగతి చెప్పి పడుకుంటాను. వారానికి సరిపడా మాత్రలు గళ్ల డబ్బాలో సర్దుతుంటే తెల్లది ఒకటి జారి దివాను కిందికి దొర్లింది. మా వారు బోర్లా పడుకుని టార్చి వేసి, చీపురుపుల్లతో లాగారు. రెండు వచ్చాయి. ఒకటి ఇవాళ్టిది. దుమ్ము పట్టిన రెండోది నా మందుల్లో దేనితోనూ కలవడం లేదు. ఆయన దాన్ని తన బీపీ మాత్ర పక్కన పెట్టి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. దీపావళికి ఆయన బీపీ ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసింది.