రేకుల షెడ్డు చూరు నీళ్లు: ఒక్క వానకే డ్రమ్ము పొంగిపోతోంది, ఎంత ట్యాంకు పెట్టాలి?

ప్రశ్న – పెరటిమల్లె (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం శివారు. పనిముట్లు, ఎరువు సంచులు పెట్టుకోవడానికి ఇంటి వెనక 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో రంగు రేకుల షెడ్డు వేయించుకున్నాము. వాలు ఒకవైపే ఉంది కాబట్టి నీళ్లన్నీ వెనక చూరు మీదుగానే దిగుతాయి. మా బోరు నీరు బాగా ఉప్పన. దాన్ని పోసిన కుండీల అంచున తెల్లటి పొర గట్టిపడుతోంది, కరివేపాకు ఆకుల చివర్లు మాడిపోతున్నాయి. వాన పడిన వారం రోజులు మాత్రం అదే మొక్క కళకళలాడుతుంది.

అందుకని నిరుడు చూరు కింద 200 లీటర్ల డ్రమ్ము ఒకటి పెట్టాను. మొదటి పెద్ద వానకే అది నిండి, మిగిలిన నీరంతా షెడ్డు పునాది పక్కనే పడి మట్టిని కోసేసింది. పట్టిన నీళ్లు కూడా రెండు వారాలకు వాసన వచ్చాయి, మూత తీసి చూస్తే దోమ పిల్లలు. ఈసారి ఉత్తర కార్తె వానలకు ముందే పని సరిగా చేయించాలని ఉంది. ఇంత చిన్న కప్పు మీద అసలు ఎన్ని నీళ్లు వస్తాయి, ఎంత ట్యాంకు పెట్టాలి, దాని నుంచి డ్రిప్ పైపులు నడుస్తాయా అన్నవి నా సందేహాలు. రోజుకు నాకు 30 లీటర్లు చాలు.

జవాబు 1 – చూరునీరు

నమస్కారమండి. లెక్క చాలా తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు వచ్చినట్లు. రేకు వాలు పొడవును కాకుండా, అది నేల మీద ఎంత మేర కప్పుతుందో దాన్నే కొలవాలి. మీది 120 చదరపు అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన పడితే 275 లీటర్లు రావాలి. ఎండకు కాలిన రేకు మీద ఆవిరయ్యేది, చిమ్మి బయట పడేది కలిపి 15 శాతం తీసేసినా 230 లీటర్లకు పైనే చేతికి వస్తాయి. మీ డ్రమ్ము పొంగడంలో వింతేమీ లేదు. మీ జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది కాబట్టి, ఆ లెక్కన ఆ చిన్న కప్పు ఏడాదికి 5,000 లీటర్లు ఇస్తుంది.

అయితే ట్యాంకు ఎంత ఉండాలన్నది ఏడాది మొత్తాన్ని బట్టి కాదు, ఒక వానకూ మరో వానకూ మధ్య ఎన్ని రోజుల ఎడం వస్తుందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. రోజుకు 30 లీటర్లయితే 500 లీటర్ల ట్యాంకు 16 రోజులు, 1,000 లీటర్లది నెల రోజులు వస్తుంది. మీ ఊళ్లో వాన ముఖం చాటేస్తే నెలకు తక్కువ కాదు కనుక నేనైతే వెయ్యికే ఓటు వేస్తాను. ఆ మేరకు నింపడానికి నాలుగైదు మంచి వానలు చాలు. తెల్ల ట్యాంకు మాత్రం కొనకండి, వెలుతురు లోపలికి వెళ్తే పాచి పడుతుంది. పాత నీలి డ్రమ్ములు చౌకగా దొరుకుతాయి గానీ, అంతకుముందు వాటిలో ఏం పోశారో అమ్మేవాడు చెప్పలేకపోతే వదిలేయడమే మంచిది.

బరువు కూడా చూసుకోవాలి. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. రెండు వరసల ఇటుకల మీద పెడితే మధ్యలో ఆధారం లేక అడుగు కుంగుతుంది. అడుగంతా ఆనేలా చదునైన కాంక్రీటు దిమ్మె పోయించండి. కుళాయి కింద బకెట్టు పట్టే ఎత్తు ఉంటే చాలు, ఇంకా పైకి లేపితే ట్యాంకు మూతి చూరుకు అందుకుంటుంది.

జవాబు 2 – గొట్టాలపని

పైన చెప్పిన లెక్కతో ఏకీభవిస్తున్నాను. వాసన, దోమల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే రెండూ నా నెత్తిన పడ్డవే.

వేసవంతా రేకు మీద పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట, వేపాకులు మొదటి వానలోనే కొట్టుకొస్తాయి. అది ట్యాంకులో పడకూడదు. గట్టర్ (చూరు అంచున నీళ్లు పట్టే దోనె) నుంచి దిగే పైపుకు ట్యాంకుకు ముందే ఒక టీ జాయింటు పెట్టి, దాని కింద నాలుగంగుళాల పైపు మీటరున్నర పొడవున నిలువుగా దించి, అడుగున మూత బిగించండి. ఆ పైపులో మీటరుకు 8 లీటర్లకు కాస్త ఎక్కువ పడుతుంది. మీ కప్పు మీద మొదటి మిల్లీమీటరు వాన అంటే 11 లీటర్లు. ఆ మురికి నీరంతా అందులోనే నిలిచి, తరువాత వచ్చే శుభ్రమైన నీరు పక్కనుంచి ట్యాంకులోకి వెళ్తుంది. అడుగు మూతకు సన్నని రంధ్రం ఒకటి చేస్తే రాత్రికి రాత్రి కారిపోయి తరువాతి వానకు ఖాళీగా ఉంటుంది. ఆ రంధ్రం మట్టితో పూడుకుపోతుంది కాబట్టి అప్పుడప్పుడు మూత విప్పి కడగక తప్పదు.

ఇక దోమలు. మూత బిగించి, పైన వల కట్టి నిశ్చింతగా ఉన్నాను. అయినా పిల్లలు కనబడ్డాయి. నాలుగు రోజులు వెతికాక తేలింది, అవి పొంగు పైపు మూతి గుండా వచ్చాయి. దానికి వల కట్టడం ఎవరికీ తట్టదు. గట్టర్ కూడా ఒకచోట వంగి, దోసెడు నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండేవి. గట్టర్ బిగించగానే ఎగువ చివర ఒక చెంబు నీళ్లు పోసి చూడండి, ఎక్కడా ఆగకుండా జారిపోవాలి. డెంగీ దోమ ఇలాంటి శుభ్రమైన నీళ్లలోనే, నీటి మట్టానికి కాస్త పైన గోడకు గుడ్లను అంటిస్తుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు నెలల తరబడి ఎండి ఉండి, తడి తగలగానే పిల్లలవుతాయి. పాత డ్రమ్మును మళ్లీ వాడేట్టయితే లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దండి.

డ్రిప్ విషయానికొస్తే, మీటరు ఎత్తు నీటికి వచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో మాత్రమే. దుకాణంలో దొరికే మామూలు డ్రిప్పర్లలో చాలా వాటికి సుమారు కిలో ఒత్తిడి కావాలి. సన్నని మైక్రో ట్యూబులను పొట్టిగా కత్తిరించి పెడితే నేల వాలులోనే నీరు దిగుతుంది. ముందు జల్లెడ ఫిల్టరు తప్పనిసరి.

జవాబు 3 – మట్టిమనిషి (మదనపల్లె)

ఒక చిన్న భిన్నాభిప్రాయం. వెయ్యి లీటర్ల ట్యాంకు కూడా హస్త కార్తెలో వరసగా పట్టే ముసురుకు పొంగుతుంది. పొంగింది ఎక్కడికి పోవాలో ముందే తేల్చుకోకపోతే పునాది మళ్లీ కోసుకుపోతుంది. పొంగు పైపును షెడ్డుకు కనీసం పదడుగుల దూరం తీసుకెళ్లి, మునగ, కరివేపాకు మొదళ్ల మధ్యగా అడుగు లోతు కాలువ తీసి, దాంట్లో ఎండాకు నింపి వదలండి. మా పెరట్లో అలాగే ఉంది. వాన నీరు అలా వేళ్ల దగ్గరి ఉప్పును కిందికి దించుతుంది కాబట్టి, మీరు తరువాత బోరు నీరు పోసినా మొక్క కొన్నాళ్లు తట్టుకుంటుంది. ట్యాంకు కొనడానికి డబ్బు చాలకపోతే, ముందు ఈ కాలువే తీసుకోండి. గడ్డపార ఉంటే చాలు.

ఇంకొక మాట. మీవి రంగు రేకులు కాబట్టి సరిపోయింది. ఎవరివైనా పాత ఆస్బెస్టాస్ సిమెంటు రేకులైతే, పొడిగా ఉన్నప్పుడు వాటిని రుద్దడం, కోయడం చేయకండి, ఆ పీచు ఊపిరితిత్తులకు హాని. షెడ్డు నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగడానికి మాత్రం వాడవద్దు.

పెరటిమల్లె

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న టేపు పెట్టి కొలిస్తే చూరు నేల నుంచి ఏడడుగుల ఎత్తులో ఉంది కాబట్టి, అడుగున్నర దిమ్మె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పడుతుంది. కాలువ పని మొదలుపెట్టాను, మూడడుగుల పొడవు తవ్వేసరికి రాయి తగిలింది. దాన్ని చుట్టి తిప్పినా నీరు ఆగకుండా పోతుందా?

మట్టిమనిషి

పోతుందండి. రాయికి ఎగువన కాస్త లోతు చేయండి, అక్కడ నిలిచిన నీరు మునగకే అందుతుంది.