క్యాంబర్ మార్చడం కుదరదంటున్నారు, బండేమో ఎడమకి లాగుతోంది. ఏం చేయాలి?

పటమట వాసి:
పొద్దున్నుంచి అలైన్‌మెంట్ షాపులోనే ఉన్నాను, విసుగొచ్చేసింది. గుంటూరు హైవే మీద స్టీరింగ్ కాస్త వదిలితే చాలు, బండి ఎడమకి వెళ్లిపోతోంది. ముందు చక్రాల క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలిన కోణం, పైభాగం బయటికి వాలితే ప్లస్, లోపలికైతే మైనస్) మిషన్‌లో ఎడమ +0.25, కుడి -0.40 వచ్చింది. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సరిగ్గా పెట్టారు. క్యాంబర్ దగ్గరికి వచ్చేసరికి "దీనికి అడ్జస్ట్‌మెంట్ లేదు సార్" అన్నారు. షాక్ అబ్జార్బర్ కింది బోల్టులు వదులు చేసి చక్రాన్ని నెట్టి చూస్తే మారింది చాలా కొంచెం. రెండో షాపులోనూ ఇదే మాట. మార్చలేనప్పుడు ఆ అంకె మిషన్‌లో ఎందుకు చూపిస్తారండీ? దారి చెప్పండి.

తెనాలి డ్రైవర్:
ఏ కారు? ఏ సంవత్సరం?

పటమట వాసి:
స్విఫ్ట్ డీజిల్, 2014.

బ్రాడీపేట నుంచి:
అందరూ అలైన్‌మెంట్ మీద పడతారు గానీ టైర్లలో గాలి ఎవరూ చూడరు. మన విజయవాడ ఎండలో బండి నడిపి వచ్చి వేడి మీద గాలి చూపిస్తే ఆ అంకెకి విలువ లేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఒకవైపు తక్కువగా ఉంటే బండి అటే లాగుతుంది. నైట్రోజన్ కొట్టిస్తే అన్నీ సర్దుకుంటాయని అమ్ముతుంటారు, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. దానికి డబ్బులు పెట్టకుండా నెలకి రెండుసార్లు గాలి చూపించుకోండి. ఇంకోటి, ముందు టైర్లు రెండూ ఎడమ కుడి మార్చి నడపండి. లాగడం కుడికి మారితే తప్పు టైరుది, క్యాంబర్‌ది కాదు.

పటమట వాసి:
గాలి సరిగ్గానే ఉందండీ. టైర్లు మార్చి కూడా చూశాం, ఎడమకే లాగుతోంది.

కృష్ణలంక:
రోడ్డు వాలు కూడా లెక్కలోకి తీసుకోండి. వాన నీరు పోవడానికి రోడ్డుని ఎడమకి వాలుగా వేస్తారు. చదునుగా, ఖాళీగా ఉన్నచోట చూసి అప్పుడు చెప్పండి. అయినా ఎడమకీ కుడికీ తేడా 0.65 డిగ్రీ. అర డిగ్రీకి కాస్త ఎక్కువ, అంతే. దానికి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

ఆటోనగర్ అలైన్‌మెంట్:
0.65 కాదండీ. చాలా మిషన్లు డిగ్రీలు, నిమిషాల్లో ప్రింట్ ఇస్తాయి. 0.25 అని రాసింది 0 డిగ్రీల 25 నిమిషాలైతే, 60 నిమిషాలు ఒక డిగ్రీ కాబట్టి తేడా 65 నిమిషాలు, అంటే డిగ్రీ దాటింది. ప్రింట్ మీద పైన చిన్న గీత ఉందా?

పటమట వాసి:
ఉంది. 0°25' అని ఉంది.

కృష్ణలంక:
మా షాపులో దశాంశాల్లోనే ఇస్తారు. అందరూ నిమిషాల్లోనే ఇస్తారనడం తప్పు.

ఆటోనగర్ అలైన్‌మెంట్:
అందరూ అనలేదు, చాలా మిషన్లు అన్నాను. సెట్టింగ్‌లో ఏది పెడితే అది వస్తుంది. ఈయన కాగితం మీద నిమిషాలే ఉన్నాయి. రోడ్డు వాలు కొంచెం లాగుతుంది, కాదనను. కానీ బండి క్యాంబర్ ఎక్కువ ప్లస్ ఉన్న వైపుకి లాగుతుంది. ఇక్కడ ఎడమ ప్లస్, కుడి మైనస్. లెక్క కుదిరింది.

ఈ రకం స్ట్రట్ (షాక్ అబ్జార్బరే చక్రాన్ని నిలబెట్టేది) బండ్లకి ముందు చక్రాల్లో టో ఒక్కటే తిప్పుకోవడానికి ఉంటుంది. బోల్టు రంధ్రంలో ఉన్న కాస్త సందుని బట్టి క్యాంబర్ స్వల్పంగా కదులుతుంది, అంతే. ఆ అంకె చూపించేది ఏదో వంగిందా, జరిగిందా అని తెలియడానికి. రంధ్రాన్ని ఫైలుతో పెద్దది చేస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, చక్రం పట్టుకుని ఉండేది ఆ బోల్టులతోనే. ఇంతకీ ఈ మధ్య కింద ఏమైనా పని చేయించారా?

పటమట వాసి:
పోయిన నెల క్లచ్ ప్లేట్ మార్పించాను. దానికీ దీనికీ ఏం సంబంధం?

తెనాలి డ్రైవర్:
ఉంది. అది మొదటే చెప్పాల్సింది.

ఆటోనగర్ అలైన్‌మెంట్:
గేర్‌బాక్స్ దించడానికి చాలా కార్లలో సబ్‌ఫ్రేమ్ (బాడీ కింద బోల్టులతో బిగించే ఫ్రేమ్) కూడా దించుతారు. తిరిగి ఎక్కించేటప్పుడు అది కుడికి కొన్ని మిల్లీమీటర్లు జరిగితే రెండు లోయర్ ఆర్మ్‌లూ (చక్రాల్ని కింది వైపు పట్టుకునేవి) దానితో పాటే వెళ్తాయి. ఎడమ చక్రం కింది భాగం లోపలికి, కుడిది బయటికి. మీ అంకెలు అచ్చం అలాగే ఉన్నాయి.

ఊహ మీద విప్పించకండి. మిషన్‌లో ఎస్‌ఏఐ (స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత లోపలికి వాలిన కోణం) చూపించమనండి, స్టీరింగ్ ఎడమకీ కుడికీ తిప్పి కొలవాలి. బద్ధకించి చాలామంది ఆ పని చేయరు. ఎస్‌ఏఐకి క్యాంబర్ కలిపితే రెండు వైపులా దాదాపు ఒకే మొత్తం రావాలి. మొత్తం సమానంగా ఉండి, విడిగా తేడాగా ఉంటే ఫ్రేమ్ జరిగినట్టు అనుకోవచ్చు. మొత్తమే తేడా వస్తే నకిల్ (చక్రం బిగించే ముక్క) గానీ స్ట్రట్ గానీ వంగింది.

బ్రాడీపేట నుంచి:
ఎక్సెంట్రిక్ బోల్టులు (తిప్పితే క్యాంబర్ మారేవి) వేసేస్తే పోలేదా? మా తమ్ముడి బండికి వేయించాం. టైరు అరుగుదల కూడా తగ్గింది.

ఆటోనగర్ అలైన్‌మెంట్:
వంగినవి ఏమీ లేవని తేలాక వేయండి, తప్పులేదు. ఫ్రేమ్ పక్కకి జరిగి ఉండగా బోల్టులతో అంకె సరిచేస్తే కాగితం బాగుంటుంది గానీ ఎస్‌ఏఐ తేడా అలాగే ఉండిపోతుంది.

పటమట వాసి:
మళ్లీ కొలిపించాను. ఎస్‌ఏఐ ఎడమ 12°15', కుడి 13°25'.

ఆటోనగర్ అలైన్‌మెంట్:
క్యాంబర్ కలిపితే ఎడమ 12°40', కుడి 12°45' అయింది. దాదాపు సమానం. నకిల్, స్ట్రట్ బాగానే ఉన్నట్టు. సబ్‌ఫ్రేమ్ బోల్టుల దగ్గర బాడీ మీద పాత వాషర్ అచ్చు కనపడుతుంది, ఇప్పుడు వాషర్ దానికి పక్కగా కూర్చుందేమో టార్చి వేసి చూడండి. ఫ్రేమ్ కింద జాక్ పెట్టి, బోల్టులు ఊడదీయకుండా వదులు చేసి, ఆ అచ్చు మీదకి జరిపి, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చాలా బండ్లలో స్టీరింగ్ ర్యాక్ కూడా ఫ్రేమ్ మీదే ఉంటుంది కాబట్టి తర్వాత టో మళ్లీ పెట్టించాలి. లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా అప్పుడే చూసేయండి.

కృష్ణలంక:
క్లచ్ చేసినవాళ్లతోనే ఉచితంగా చేయించాలి. డబ్బులు ఇవ్వొద్దు.

తెనాలి డ్రైవర్:
మళ్లీ వాళ్ల దగ్గరికేనా? వేరే చోట చేయించుకోండి.

కృష్ణలంక:
తప్పు చేసినవాళ్లు సరిచేయాలి కదండీ. ప్రతిసారీ మనమే ఎందుకు కట్టాలి?

పటమట వాసి:
వాషర్ అచ్చు పక్కకే ఉంది. ఆటోనగర్‌లోనే వేరే చోట జరిపించాను. ఎడమ -0°05', కుడి -0°10'. థ్యాంక్స్ అండీ.

బ్రాడీపేట నుంచి:
గాలి కూడా ఓసారి చూపించుకోండి, చల్లగా ఉన్నప్పుడు.