ఇద్దరు చదివే పూల్ బఫర్‌ను తిరిగి ఎవరు అప్పగించాలి?

గో ప్రోగ్రామింగ్ భాష 1.22లో నడుస్తున్న మా సర్వర్‌లో, ప్రతి రిక్వెస్ట్‌కూ సింక్.పూల్ (వాడిన వస్తువులను మళ్లీ వాడుకునేందుకు ఉంచే నిల్వ) నుంచి ఒక బైట్స్.బఫర్ (బైట్లను దాచే మెమరీ) తీసుకుని, అందులో జేసన్ జవాబును తయారుచేసి, క్లయింట్‌కు పంపాక, ఫంక్షన్ ముగిసేటప్పుడు నడిచే డిఫర్ ద్వారా పుట్ చేస్తున్నాము, అంటే పూల్‌కు తిరిగి ఇస్తున్నాము. అవే బైట్లను ఛానెల్ మీదుగా ఆడిట్ లాగ్ రాసే గోరూటీన్‌కు (మిగతా కోడ్‌తో పాటు ఏకకాలంలో నడిచే పనికి) కూడా అందిస్తున్నాము. లోడ్ పెరిగినప్పుడు మాత్రం ఒకరి లాగ్ వరుసలో మరొకరి జవాబు ముక్క కనిపిస్తోంది. ఆడిట్ లాగ్‌లో ఇది ఎంతమాత్రం ఉపేక్షించదగినది కాదు. గోరూటీన్ చదువుతుండగానే మరో హ్యాండ్లర్ (రిక్వెస్ట్‌కు జవాబిచ్చే ఫంక్షన్) అదే బఫర్‌లో రాస్తున్నట్లు, ఇలాంటి ఘర్షణలను పట్టే రేస్ డిటెక్టర్ కూడా చూపుతోంది.

గెట్ (పూల్ నుంచి తీసుకోవడం) తర్వాతా, పుట్‌కు ముందూ బఫర్‌ను ఖాళీ చేసే రీసెట్ పిలిచినా మార్పు లేదు, ఎందుకంటే అది పొడవును సున్నా చేస్తుందే గాని లోపలి మెమరీని వదలదు. బైట్స్.క్లోన్‌తో నకలు తీసి పంపితే లాగ్ సరిగ్గానే వస్తోంది, కానీ జవాబులు 20 నుంచి 40 కేబీ వరకు ఉండడంతో, పూల్ వల్ల తగ్గిన మెమరీ కేటాయింపులు మళ్లీ మొదటికొచ్చాయి. పుట్ బాధ్యతను లాగ్ గోరూటీన్‌కు అప్పగిస్తే, నెమ్మదైన క్లయింట్‌కు హ్యాండ్లర్ ఇంకా పంపుతుండగానే బఫర్ పూల్‌లోకి వెళ్లిపోతోంది.

ప్రస్తుతం అటామిక్.ఇంట్32 (ఏకకాలంలో మార్చినా తప్పని పూర్ణాంకం)తో 2 నుంచి తగ్గే లెక్క పెట్టాము: చదవడం ముగించిన ప్రతి ఒక్కరూ ఒకటి తగ్గిస్తారు, సున్నాకు చేరితే పుట్ జరుగుతుంది. ఎక్కడైనా తగ్గించడం తప్పిపోతే ఆ బఫర్‌ను, వాడని మెమరీని విడుదల చేసే గార్బేజ్ కలెక్టర్ తీసుకుంటుంది కనుక నష్టం స్వల్పమే. అయితే ఛానెల్ నిండినప్పుడో, ఎర్రర్ వచ్చినప్పుడో ఒకరే రెండుసార్లు తగ్గిస్తే, రెండోవారు చదువుతుండగానే పుట్ జరిగి పాత సమస్యే తిరిగి వస్తుంది.

నకలు తీయకుండా, ఇద్దరూ చదవడం ముగించాకే, అదీ ఒక్కసారే పుట్ జరిగేలా గోలో మీరు ఏ పద్ధతిని అనుసరిస్తున్నారు?