ఐసు పెట్టిన రొయ్యల ట్రేలకు స్టిక్కర్లు నిలవడం లేదు, ఏం చెయ్యాలి?

పూసపాటిరేగ ప్యాకింగ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పూసపాటిరేగ, భోగాపురం వైపు వనామీ రొయ్యల పట్టుబడులకు ప్యాకింగ్ పని మాది. రాత్రి ఒంటిగంటకి మొదలుపెట్టి తెల్లారేలోపు రెండు మూడు చెరువులు పడతాం. కాటా అయ్యాక ట్రే అడుగున ఐసు, మధ్యన రొయ్య, పైన మళ్లీ ఐసు వేసి, అప్పుడు ట్రే పక్కన స్టిక్కరు వేస్తాం. దాని మీద చెరువు నంబరు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు), తూకం, పట్టిన వేళ ఉంటాయి. 100 మి.మీ. × 50 మి.మీ. మామూలు కాగితం స్టిక్కరు. రిబ్బను లేకుండా వేడితోనే అచ్చుపడే చిన్న మిషను.

వెయ్యగానే బాగానే పట్టినట్టుంటుంది. లారీ ప్రాసెసింగ్ ప్లాంటుకి చేరేసరికి మూలలు లేచిపోతున్నాయి, కొన్నైతే పూర్తిగా ఊడి ట్రేల సందుల్లో ముద్దలై దొరుకుతున్నాయి. ఉన్నవాటి మీద కూడా అచ్చు చెరిగిపోతోంది. పైన ప్యాకింగ్ టేపు వేసి చూశాం, టేపుతో సహా ఊడి వస్తోంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇది మరీ ఎక్కువ.

40 కౌంటు ట్రేలు, 60 కౌంటు ట్రేలు కలిసిపోతే ధర దగ్గర తేడా వస్తుంది, అది ఒకటి. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. యాంటీబయాటిక్ పరీక్షలో ఏదైనా తేలితే అది ఏ చెరువు సరుకో చెప్పలేకపోతే లోడు మొత్తం అనుమానంలో పడుతుంది. ఇంతకంటే గట్టి గమ్ము ఉన్న స్టిక్కరు దొరుకుతుందా? లేక మేం వేసే పద్ధతిలోనే తప్పుందా?

లేబుల్ రోల్

గమ్ము సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు వేసే వేళ తప్పండి. ఐసు నింపాక అతికిస్తున్నారు కదా, అక్కడే పోతోంది.

స్టిక్కరు గమ్ము ఆరి గట్టిపడే రకం కాదు. అది ఎప్పటికీ మెత్తగా ఉండే చిక్కటి పదార్థం. మనం నొక్కినప్పుడు ప్లాస్టిక్ మీది సన్నని ఎగుడుదిగుళ్లలోకి మెల్లగా పాకితేనే పట్టు వస్తుంది. చల్లబడితే బిగుసుకుపోయి పాకదు. అందుకే స్టిక్కరు వివరాల కాగితంలో రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలు ఇస్తారు. అతికించేటప్పుడు ఎంత చల్లదనం వరకు పనికొస్తుందన్నది ఒకటి, అతుక్కున్నాక ఎంత చల్లదనం తట్టుకుంటుందన్నది రెండోది. మామూలు రకాలకి మొదటిది సాధారణంగా 5 నుంచి 10 డిగ్రీలు. రెండోది మాత్రం మైనస్ 20 దాకా, ఇంకా కిందకీ ఉంటుంది. కొనేటప్పుడు చాలామంది రెండోదే చూసి ‘ఇది ఫ్రీజర్‌కి పనికొస్తుంది’ అనుకుంటారు. మీ ట్రే గోడ ఐసు పడ్డ కాసేపటికే సున్నాకి దగ్గర్లోకి వస్తుంది. అంటే మొదటి హద్దు దాటిపోయాక మీరు అతికిస్తున్నారు.

ఫ్రీజర్ రకం గమ్ములు వేరే ఉన్నాయి. అవి సున్నాకి కింద కూడా మెత్తగానే ఉంటాయి, కొన్నింటిని మైనస్ 20 దగ్గర కూడా అతికించవచ్చు. అవి తెప్పించినా మీ కష్టం సగమే తీరుతుంది. తడి మీద ఏ గమ్మూ పట్టదు. మన తీరంలో గాలి 28 డిగ్రీలుండి తేమ 80 శాతం ఉంటే, 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువూ చెమరుస్తుంది. ఐసు నింపిన ట్రే మీద క్షణాల్లో నీటిపొర పడుతుంది. గుడ్డతో తుడిచి, స్టిక్కరు వెనక కాగితం ఊడదీసేలోపు మళ్లీ పట్టేస్తుంది. గమ్ము ఆ నీటి మీదే తేలుతుంది తప్ప ప్లాస్టిక్‌ని తాకదు. మీకు పట్టినట్టు అనిపించింది నీటి బిగువే.

ఇక ట్రే సంగతి. అది హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్. స్టీలు, గాజుల్లా గమ్ముని పట్టుకునే గుణం ఈ ప్లాస్టిక్‌కి లేదు. పైగా ట్రే పక్కల జాలి గళ్లు, పట్టీలు ఉంటాయి. 100 × 50 స్టిక్కరులో గోడని నిజంగా తాకేది సగం కూడా ఉండదు. పట్టీ మీద నుంచి పట్టీ మీదకి వంతెనలా నిలబడుతుంది, దాని కిందకి నీళ్లు దూరతాయి.

కాబట్టి పట్టుబడికి ముందురోజు పగలు, నీడలో, ఖాళీ పొడి ట్రేకి చదును గోడ ఎక్కడుందో చూసి అక్కడే వెయ్యండి. మధ్య నుంచి అంచులకి గట్టి రబ్బరు రోలరుతో నాలుగైదుసార్లు నొక్కండి. అరచేత్తో నొక్కితే చాలదు. అక్రిలిక్ గమ్ము చాలావరకు పట్టు తెచ్చుకోడానికి 24 గంటలు పడుతుంది, పూర్తి పట్టుకి 72 గంటల దాకా కావాలి. కాగితం వద్దు, అది నీరు పీల్చి ఉబ్బి అంచుల దగ్గర గమ్ముని పైకి లాగేస్తుంది. పాలిప్రొపైలిన్ ఫిల్ము, మూలలు గుండ్రంగా కోసినది తీసుకోండి. లేచేది ఎప్పుడూ మొన దగ్గరే.

అచ్చు చెరగడానికి కారణం మీ మిషను రకం. వేడికి నల్లబడే రంగుపొర ఆ కాగితం మీదే ఉంటుంది. పైన రక్షణ పూత లేకపోతే ఆ పొర నీటిలో నాని, రాపిడికి పోతుంది. శానిటైజరు చేత్తో ముట్టుకుంటే స్పిరిటు తగిలిన చోట నల్లబడుతుంది కూడా. రిబ్బనుతో అచ్చువేసే మిషను కావాలి. అందులోనూ మైనం రిబ్బను వద్దు, ఫిల్ము మీద రెజిన్ రిబ్బను వెయ్యాలి. దానికి వేడి పెంచి, వేగం తగ్గించాలి. లేకపోతే అక్షరాలు గోకితే రాలిపోతాయి.

ఉద్దానం ఉప్పుగాలి

పైన చెప్పినవన్నీ సరైనవే. ఒకటి మాత్రం వదిలేశారు, మన వైపు అదే అసలు దొంగ. ఉప్పు.

ట్రేలను చాలాచోట్ల చెరువు నీళ్లతోనో, కాలవ నీళ్లతోనో జాడించి గట్టు మీద బోర్లిస్తారు. ఎండాక చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. గోటితో గీకితే తెల్లటి పొడి వస్తుంది చూడండి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు లాగి కరుగుతుంది. కవిటి, సోంపేట నుంచి పూసపాటిరేగ దాకా మన తీరంలో రాత్రిపూట తేమ ఆ హద్దు దాటడం మామూలు. అంటే ట్రే చల్లబడకముందే, ఐసు చూడకముందే, స్టిక్కరు కింద చెమ్మ తయారవుతోంది. పగలు పొడిగా ఉన్నప్పుడు వేసిన స్టిక్కరు కూడా రాత్రికి అడుగు నుంచి వదులైపోతుంది. ఉప్పు పండించే నౌపడాలో బస్తాలు ముసురు రోజుల్లో ఎలా చెమరుస్తాయో, ఇక్కడా జరిగేది అదే.

సబ్బు కూడా ఇలాంటిదే. డిటర్జెంటుతో తోమి సరిగ్గా జాడించకపోతే పొర మిగులుతుంది, గమ్ము ఆ పొరకే అంటుకుంటుంది. అందుకని చివరి జాడింపు బోరు మంచినీటితో, పారే నీటి కింద చెయ్యండి. బోరు నీరే ఉప్పగా ఉన్న ఊళ్లలో ట్యాంకరు నీరు తప్పదు. ఆరాక స్టిక్కరు వేసే చోటు వరకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడవండి. కిరోసిన్, పెట్రోలు మాత్రం ముట్టుకోవద్దు. జిడ్డు మిగులుతుంది, ఆ వాసన రొయ్యకి పడితే సరుకే పోతుంది.

డిసెంబరు, జనవరిలో ఎక్కువ ఎందుకని అడిగారు. ఆ రోజుల్లో ఖాళీ ట్రేలు ఆరుబయట పెడితే తెల్లవారుజామున వాటి మీద మంచు కురుస్తుంది. గాలి కంటే ట్రే ఎక్కువ చల్లబడుతుంది కాబట్టి గాలి పొడిగా అనిపించినా ట్రే తడుస్తుంది. ముందురోజు స్టిక్కరు వేసిన ట్రేలు షెడ్డులోనైనా, టార్పాలిన్ కిందనైనా బోర్లించి ఉంచాలి. టార్పాలిన్ ట్రేలకి అంటుకుపోకుండా కర్రలు అడ్డం పెట్టి ఎత్తండి.

కళింగపట్నం కాటా

ఇద్దరూ బాగా చెప్పారు. కానీ అసలు ట్రేకి ప్రతిసారీ స్టిక్కరు ఎందుకు? తిరిగి తిరిగి వాడే ట్రే మీద ఒక్క పట్టుబడికి పనికొచ్చే వివరం అతికించడం, తర్వాత దాన్ని గోకడం, ఆ గోకుడులో మిగిలిన కాగితం ముక్క రొయ్యల్లో పడితే ప్లాంటువాళ్ల చేత మాట పడడం. ఇదంతా అనవసరపు పని.

ట్రేకి శాశ్వత నంబరు ఇవ్వండి. కొత్త ట్రేలు కొనేటప్పుడే నంబరు వేడి ముద్రతో వేసి ఇమ్మని అడగండి. ఉన్నవాటికి సోల్డరింగ్ ఐరన్‌తో గోడ మీద పైపైన కాల్చి రాయొచ్చు. లోతుగా కాల్చితే అక్కడ పగులుతుంది, పైగా గాడిలో మురికి చేరుతుంది. పెయింటు వద్దు, హెచ్‌డీపీఈ మీద అదీ స్టిక్కరులాగే రాలుతుంది. రేకు నంబరు రివెట్లతో బిగించడం అసలొద్దు, ఊడిన రివెటు రొయ్యల్లో పడుతుంది.

కాటా దగ్గర ఒక పుస్తకం పెట్టండి. ట్రే నంబరు, చెరువు, కౌంటు, తూకం, వేళ ఒక్క వరసలో రాయాలి. పెన్సిలుతోనే రాయండి. పెన్సిలు గీత కార్బను కాబట్టి తడిసినా కరగదు, బాల్‌పెన్ను తడి కాగితం మీద రాయనే రాయదు. లారీ కదిలేముందు ఆ పేజీలకి ఫోనులో ఫొటో తీసి ప్లాంటుకి పంపితే, దింపేటప్పుడు వాళ్లు నంబరు చూసి సరిచూసుకుంటారు.

చీకట్లో నంబరు చదవడం కష్టం అంటారా, చెరువుకో రంగు చీటీ కట్టండి. 200 మైక్రాన్ల పైన ఉండే సింథటిక్ కాగితం, నున్నగా మెరిసేది కాకుండా గరుకు రకం. దాని మీద కూడా పెన్సిలు రాస్తుంది. రంధ్రం అంచుకి 10 మి.మీ. లోపలికి ఉండాలి, లేకపోతే చీరుకుపోతుంది. పురికొస నాని పాడవుతుంది, నైలాను దారం వాడండి. ట్రే పైఅంచుకి కట్టకండి, పై ట్రే అడుగు అక్కడే కూర్చుంటుంది కాబట్టి దారం నలిగి తెగుతుంది. పిడి రంధ్రంలో నుంచి దూర్చి చీటీ బయటివైపు వేలాడేలా కట్టండి. పై ట్రేలో కరిగిన ఐసు నీరు దారి పొడవునా కింది ట్రేల మీద కారుతూనే ఉంటుంది, ఏ గుర్తైనా ఆ నీటిలో నిలవాల్సిందే.

లేబుల్ రోల్

కాటా గారి పద్ధతే మేలు, ఒప్పుకుంటాను. అయితే కొందరు కొనుగోలుదారులు అచ్చువేసిన బార్‌కోడు ఉండి తీరాలంటారు. వాళ్ల కోసం ఇంకో దారి ఉంది.

విమానంలో వేసే పెట్టెలకి పిడి చుట్టూ తిప్పి అతికించే పొడవాటి చీటీ చూసే ఉంటారు. అది పెట్టెకి అంటుకోదు, తనకి తనే అంటుకుంటుంది. అదే సూత్రం. 250 మి.మీ. పొడవున్న ఫిల్ము స్టిక్కరుని ట్రే పిడి చుట్టూ తిప్పి, రెండు కొసలూ గమ్ముకి గమ్ము ఎదురుగా కనీసం 50 మి.మీ. కలిసేలా నొక్కాలి. ట్రే తడిగా ఉన్నా, చల్లగా ఉన్నా దానితో పనిలేదు, దానికి గమ్ము పట్టక్కర్లేదు. కాకపోతే ఆ రెండు కొసలూ పొడిగా ఉండాలి. తడి వేలు గమ్ము మీద పడితే వేలిముద్రంత చోటు చచ్చిపోతుంది, అక్కడి నుంచే విడిపోవడం మొదలవుతుంది. కాబట్టి ఐసు ముట్టుకోని పొడి చేతుల మనిషి ఒకరిని స్టిక్కర్లకే పెట్టండి.

టేపు ఎందుకు నిలవలేదో కూడా ఇందులోనే తెలుస్తుంది. ప్యాకింగ్ టేపుదీ మామూలు గమ్మే, తడి ట్రేకి అదీ పట్టదు. పైగా అంచుల నుంచి దూరిన నీరు లోపలే ఉండిపోయి కాగితాన్ని నానబెడుతుంది.

కొత్త రకం స్టిక్కరు ఏది కొన్నా రోలు మొత్తం తీసుకోకముందు పరీక్ష చెయ్యండి. మీ ట్రేలకే అయిదు పొడిగా వేసి ఒక రోజు ఆగండి, మరో అయిదు ఐసు నింపాక వెయ్యండి. అన్నిటినీ ఐసు నీళ్లలో రాత్రంతా ఉంచి, ఒక మూల పట్టుకుని మెల్లగా లాగండి. గమ్మంతా స్టిక్కరుతోనే వచ్చి ట్రే నున్నగా మిగిలితే ఉపరితలానికి గమ్ము పట్టలేదని అర్థం, ముందు తడి, ఉప్పు ఉన్నాయేమో చూడండి. గమ్ము సగం ట్రేకి, సగం స్టిక్కరుకి చీలితే గమ్మే బలహీనం. ఫిల్ము సాగిపోయినా ఊడకపోతే ఆ రకం తీసుకోవచ్చు.

పూసపాటిరేగ ప్యాకింగ్

అందరికీ ధన్యవాదాలండి. ఉప్పు సంగతి అసలు తట్టలేదు, మా ట్రేలు జాడించేది కాలవ నీటితోనే. నంబర్ల పద్ధతి మొదలుపెడతాం. రెండు సందేహాలు మిగిలాయి. చిన్న సరుకు థర్మాకోల్ పెట్టెల్లో వెళ్తుంది, వాటికీ ఇదేనా? పాత ట్రేల మీద పేరుకున్న గమ్ము ఎలా తియ్యాలి?

ఉద్దానం ఉప్పుగాలి

థర్మాకోల్ సులువు. లోపల ఐసున్నా చల్లదనం బయటికి తొందరగా రాదు కాబట్టి పెట్టె బయటి గోడ ట్రే అంత చెమర్చదు. నింపకముందే, మూత అతుక్కునే గీతకి నాలుగు వేళ్ల దూరంలో వెయ్యండి. చల్లదనం కారేది ఆ గీత దగ్గరే, చెమ్మ చేరేదీ అక్కడే. దాన్ని తుడవడానికి థిన్నరు, పెట్రోలు, అసిటోను వాడితే థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది. ఒకసారి వేశాక సర్దుదామని ఊడదియ్యకండి. గింజలు గమ్ముకి అంటుకుని వచ్చేస్తాయి, ఇక మళ్లీ పట్టదు.

ట్రేల మీది పాత గమ్ముకి నీలగిరి నూనె రాసి పది నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ గరిటెతో గీకండి. ఇనుప బ్లేడు గీతలు పెడుతుంది, ఆ గీతల్లో మురికి నిలుస్తుంది. తర్వాత వేడినీళ్లు, సబ్బుతో రెండుసార్లు కడిగి మంచినీటితో జాడించండి. నూనె వాసన పూర్తిగా పోయేదాకా ఆ ట్రేలో రొయ్య వెయ్యొద్దు.

కళింగపట్నం కాటా

చీటీలు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. దారం బదులు కేబుల్ టై వాడితే నీలం రంగుది తీసుకోండి, రొయ్యల్లో పడినా కంటికి ఆనుతుంది. కత్తిరించిన తోకలు గట్టు మీద పారెయ్యకుండా ఒక డబ్బాలో వేసి, పట్టుబడి అయ్యాక లెక్కపెట్టండి. కట్టిన టైలు ఎన్నో తోకలు అన్నీ డబ్బాలో కనబడాలి. ఒక్కటి తగ్గినా లారీ కదలకముందే వెతకండి.