పల్లెటూరి పబ్‌కు వయసు దేన్నిబట్టి కట్టాలి?

ప్రశ్న

ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ కౌంటీలో, నార్టన్ సెయింట్ ఫిలిప్ అనే పల్లెలో ఉన్న జార్జ్ ఇన్ అనే పాత పబ్ చరిత్ర చదువుతున్నాను. కింద రాతి గోడలు, పైన వీధి మీదికి ముందుకు వచ్చిన కలప చట్రపు అంతస్తులు. ఫొటో చూస్తేనే చూపు తిప్పుకోవడం కష్టం. 14వ శతాబ్దంలో హింటన్ మఠానికి చెందిన కార్థూసియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు దీన్ని కట్టించారనీ, 1397 నుంచి దీనికి లైసెన్సు ఉందనీ చెబుతారు. అయితే ఏల్ (ఒక రకం బీరు) అమ్మే ఇళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసిన చట్టం 1552లో వచ్చిందని మరోచోట చదివాను. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయి?

మొదటి సమాధానం

మీ సందేహం సహేతుకమైనదే. 1552 చట్టం ప్రకారం ఏల్‌హౌస్ నడపదలచినవారు ఇద్దరు మేజిస్ట్రేట్ల అనుమతి పొంది, తమ ఇంట్లో అల్లర్లు జరగనివ్వమని పూచీకత్తు రాసివ్వాలి. అంతకుముందు ఆ అర్థంలో లైసెన్సు లేదు. 13వ శతాబ్దం నుంచి ఉన్న శాసనం రొట్టె, ఏల్ ధరలనూ నాణ్యతనూ మాత్రమే అదుపు చేసేది. ఆనాటి పల్లెల్లో ఏల్ కాచేవారిలో ఆడవాళ్లే ఎక్కువ. సరుకు సిద్ధమైనప్పుడు గుమ్మం ముందు ఒక కర్రకు పచ్చని కొమ్మలు కట్టి నిలబెట్టేవారు, అది అయిపోయిందా, ఆ ఇల్లు మళ్లీ మామూలు ఇల్లే. అలాంటి చోటుకు ప్రారంభ తేదీ వెదకడం వృథా. ఇన్ సంగతి వేరు: అది బాటసారులకు పడక, భోజనం, గుర్రాలకు గడ్డి ఇచ్చే సత్రం. జార్జ్ ఆ కోవకు చెందినది కనుక, 1397ను లైసెన్సు సంవత్సరంగా చెప్పడం నాకు సమ్మతం కాదు.

రెండో సమాధానం

పై మాటతో ఏకీభవిస్తాను. కట్టడానికి ఒక వయసు, వ్యాపారానికి ఒక వయసు, కాగితానికి మరొకటి; మనం మూడింటినీ కలిపేస్తున్నాం. కాగితం కావాలంటే కౌంటీ రికార్డు కార్యాలయాలకే వెళ్లాలి, ఎందుకంటే ఏల్‌హౌస్ యజమానుల పూచీకత్తులను రిజిస్టరులో నమోదు చేయాలని 1753 చట్టం ఆదేశించింది. ఇక చాలా పల్లె పబ్‌ల అసలు పుట్టుక 1830 తర్వాతే: ఆ ఏడాది వచ్చిన చట్టంతో, ఏటా రెండు గినీలు (ఆనాటి ఇంగ్లిష్ డబ్బు లెక్క) కట్టిన గృహస్థు మేజిస్ట్రేట్లతో పని లేకుండా తన ఇంటి ముందుగదిలోనే బీరు అమ్ముకోగలిగాడు.

జార్జ్ విషయంలో మరో జాగ్రత్త కూడా అవసరం. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ డైరీ రచయిత శామ్యూల్ పెపీస్ 1668 జూన్ 12న బాత్ నగరానికి వెళ్తూ ఈ ఊళ్లో ఆగి, చర్చిలో సమాధులు చూసి, అక్కడి గోపురంలో మోగే ఆరు గంటల శ్రావ్యతను మెచ్చుకుని, 10 షిల్లింగులకు చక్కగా భోంచేశానని డైరీలో రాసుకున్నారు. ఆయన జార్జ్‌లోనే తిన్నారని అందరూ అంటారు గానీ, ఆ వాక్యంలో ఇన్ పేరు లేదు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పెపీస్ సంగతి నేను రూఢి అనుకుని రాసిపెట్టుకున్నాను. దాన్ని ‘ఊళ్లో భోంచేశారు’ అని దిద్దుకుంటాను. 1397ను పక్కనపెట్టి, కట్టడం వయసు కోసం ముందుగా దాని దూలాల కాలం గురించి వచ్చిన పరిశోధనలను చదువుతాను.